డిసెంబరు 25: ఒక్క తేదీలో ఎన్ని తేదీలు

(మండల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతుళ్ళం. ప్రతిరోజూ పొద్దున ప్రార్థన గంట కొట్టకముందే నల్లబల్ల మీద 'నేటి ప్రత్యేకత' అని రాయించడం మా పని. ఫలానా నాయకుడి జయంతి, ఫలానా మహానుభావుడి వర్ధంతి, ఫలానా అంతర్జాతీయ దినం. పిల్లలు గొంతెత్తి చదువుతారు. ఇట్లా యేడాదికి రెండువందల పైచిలుకు రోజులు చదివితే పదేళ్ళలో పిల్లవాడి బుర్రలో ఒక దేశం తయారవుతుంది. ఆ దేశంలో ఎవరు పుట్టారు, ఎవరు చచ్చారు, ఎవరి పుట్టుకకు విలువ ఉంది, ఎవరి చావుకు లెక్క లేదు అన్నది ఎవరూ చెప్పకుండానే వాడికి అర్థమైపోతుంది.

ఆగస్టు 6న బోర్డు మీద హిరోషిమా దినం అని రాస్తాం. రాయాల్సిందే. 1945లో ఆ రోజు ఒక్క బాంబుతో ఒక నగరాన్ని బూడిద చేశారు. కానీ అదే ఆగస్టు 6న, 1991లో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. జపాను మనకు ఎంత దూరం? చుండూరు ఎంత దూరం? ఆ పక్క మండలాల బళ్ళలో కూడా ఆ రోజు హిరోషిమా ఒక్కటే ఉంటుంది. మన పంతుళ్ళు పూనుకుని రాస్తే తప్ప రెండో లైను ఉండదు.

ఇంకో సంగతి. మన పల్లె వాళ్ళ సర్టిఫికెట్లు తీసి చూడండి. మా తరంలో సగం మంది జూన్ 1న పుట్టారు, మిగతా సగం జూలై 1న పుట్టారు! మా అమ్మకు తెలిసింది నాట్లు పడే కాలం అని, ఒక తుఫానుకు ముందో వెనకో అని. బళ్ళో వేసేనాడు పంతులుగారు చేతికొచ్చిన తేదీ ఒకటి రాసేశారు. పుట్టిన రోజు కూడా ఇంకొకరు వేసిన తేదీయే. నేటికీ ముసలివాళ్ళు 1977 దివిసీమ ఉప్పెనను గుర్తుపెట్టుకుని లెక్క చెప్తారు. తేదీ అనేది మనకు మొదటినుంచీ పైవాళ్ళ సొత్తు. పంచాంగం అయ్యవారిది, కేలండరు సర్కారుది.

అందుకే ఇవాళ ఒక్క తేదీ గురించి మాట్లాడదాం అనుకున్నాం. ఇంకో పది రోజుల్లో డిసెంబరు 25 వస్తోంది. బడికి సెలవు, కాబట్టి ఆ రోజు నల్లబల్ల ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ బల్ల మీద ఏం రాయాలి అనే దాని మీదే మన పల్లెల్లో ఈమధ్య తగువు నడుస్తోంది. కుర్రవాళ్ళు మనుస్మృతి దహన దినం జరుపుదాం అంటున్నారు. చర్చి పెద్దలు 'రక్షకుడు పుట్టిన రోజున మంటలేమిటి నాయనా' అంటున్నారు. ఒకరిద్దరు తమ్ముళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళి, క్రిస్మస్ మనది కాదు, తెల్లదొరలది అనేశారు. దాంతో అక్కలు నొచ్చుకున్నారు. ఈ తగువు ముదిరితే లాభం ఎవరికో వేరే చెప్పాలా?

ముందు మహద్ సంగతి చెప్పుకుందాం. పేరు చాలామంది విన్నారు, సంగతి కొద్దిమందికే తెలుసు.

మహద్ అనేది బొంబాయి రాష్ట్రంలో కొలాబా జిల్లాలో ఒక చిన్న పట్నం. ఇప్పుడు ఆ జిల్లాను రాయగఢ్ అంటున్నారు. అక్కడ చవదార్ చెరువు అని ఒక చెరువు ఉంది. గొడ్లు తాగొచ్చు, అంటరానివాళ్ళు తాగకూడదు. 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది, సర్కారు సొమ్ముతో కట్టిన బావులూ చెరువులూ అందరికీ అని. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా మా చెరువు అందరిదీ అని తీర్మానించింది. కాగితం మీద చెరువు మనదైపోయింది. మూడేళ్ళు గడిచినా ఒక్కడూ దిగి తాగలేదు. తాగితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. జీవోలు వచ్చి, అమలు కాని బతుకు మనకు కొత్తా?

1927 మార్చి 19, 20 తేదీల్లో అక్కడ సభ జరిగింది. 20న బాబాసాహెబ్ ముందు నడిచి చెరువులో దిగి దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగారు. వేలమంది వెనక తాగారు. అంతే జరిగింది. దాహం తీర్చుకోవడం తప్ప ఇంకేం చేయలేదు. ఆ పూటే గుళ్ళో కూడా దూరబోతున్నారని పుకారు లేపి, అన్నం తింటున్న జనం మీద కర్రలతో పడ్డారు. ఆ తర్వాత చెరువు మైలపడిందని నూట ఎనిమిది కుండల పాలు, పెరుగు, పేడ, ఆవు మూత్రం కలిపి పోసి మంత్రాలు చదివి శుద్ధి చేశారు. మేము లెక్కల పంతులం కాము గానీ ఈ లెక్క మాత్రం ఎప్పటికీ అర్థం కాదు: మనిషి ముట్టిన నీళ్ళు మైల, పేడ కలిపిన నీళ్ళు శుద్ధి!

దానికి జవాబుగా అదే యేడు డిసెంబరు 25 నుంచి రెండో సభ పెట్టారు. ఈసారి అగ్రకులాలు ముందే కట్టుదిట్టం చేసుకున్నాయి. డిసెంబరు 14న కోర్టుకెళ్ళి చెరువు దగ్గరికి రాకూడదని తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు. సభకు జాగా ఇచ్చే హిందువు దొరకలేదు. ఫత్తేఖాన్ అనే ముస్లిం తన నేల ఇచ్చాడు. ఊళ్ళో సరుకులు అమ్మమన్నారు, బయటినుంచి తెచ్చుకున్నారు. బాబాసాహెబ్ బొంబాయినుంచి పడవలో వచ్చి దాసగావ్ దగ్గర దిగి అక్కడినుంచి నడిచి చేరుకున్నారు. ఇవన్నీ ఎందుకు చెప్తున్నామంటే, మన సభలకు కూడా మైకు సెట్టు ఇవ్వనివాడు ఉంటాడు, షామియానా ఇవ్వనివాడు ఉంటాడు. అది మనకే మొదలు కాలేదు.

డిసెంబరు 25 రాత్రి మనుస్మృతిని తగలబెట్టాలని తీర్మానం పెట్టింది ఎవరనుకున్నారు? గంగాధర్ నీలకంఠ్ సహస్రబుద్ధే. పుట్టుకతో బ్రాహ్మడు. దాన్ని బలపరిచింది రాజ్‌భోజ్, దళితుడు. పందిరి ముందు చిన్న గుంట తవ్వి, గంధపు చెక్కలు పేర్చి, ఆ పుస్తకాన్ని సహస్రబుద్ధే, అంటరాని కులాల సాధువులూ కలిసి మంటలో వేశారు. బ్రాహ్మణ్యంతో పోరాటం అంటే బ్రాహ్మణ ఇంట్లో పుట్టిన ప్రతివాడితో పోరాటం కాదని ఆ రాత్రే తేలిపోయింది. మనల్ని కులద్వేషులు అనేవాళ్ళకు ఈ సహస్రబుద్ధే పేరు చెప్పండి.

పుస్తకం తగలబెడితే కులం పోతుందా అని అడుగుతారు. పోదు. విదేశీ బట్ట తగలబెడితే ఇంగ్లీషువాడు పోయాడా? అయినా 1921లో గాంధీగారు గుట్టలు గుట్టలు తగలబెట్టించారు గదా, అది దేశభక్తి అయింది. ఇది మాత్రం ఘోరం అయింది! ఆ పుస్తకంలో ఏముంది? చండాలుడు ఊరి బయట ఉండాలని, పగిలిన కుండల్లో తినాలని, శవాల మీది గుడ్డలు కట్టాలని, శూద్రుడు సంపాదించగలిగినా కూడబెట్టకూడదని, ఆడది ఏ వయసులోనూ తన ఇష్టాన తాను బతకకూడదని ఉంది. పల్లె ఊరికి ఏ దిక్కున ఉందో ఒక్కసారి లేచి చూడండి. ఆ పుస్తకం చదవనివాడు కూడా దాని ప్రకారమే ఇళ్ళ స్థలాలు కొలిచాడు. అందుకే మహారాష్ట్రలో ఆడవాళ్ళ సంఘాలు కొన్ని ఈ తేదీని స్త్రీ విముక్తి దినంగా జరుపుతాయి. మన అక్కలు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి. ఆ సభ ముగిశాక బాబాసాహెబ్ ఆడవాళ్ళతో విడిగా మాట్లాడారు. కులాన్ని చూపించే కట్టు, బొట్టు, నగా వదిలేయమన్నారు. మర్నాటికల్లా చీర కట్టు మార్చేసినవాళ్ళు ఉన్నారు.

ఇంకొక్క ముక్క చెప్పి ముందుకు పోదాం. వేలమంది చెరువు దగ్గరికి పోదాం, తాగుదాం అని పట్టుబట్టినా, కోర్టు ఉత్తర్వు ఉందని బాబాసాహెబ్ వాళ్ళను ఒప్పించి, చెరువు చుట్టూ ఊరేగింపు మాత్రం తీయించారు. కేసు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు చెరువు మీద హక్కు మనదే అని తీర్పు చెప్పింది. గుక్కెడు నీళ్ళకు పదేళ్ళు.

ఆ తర్వాత దేశానికి స్వతంత్రం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. మహద్ జరిగిన 58 ఏళ్ళకు, 1985 జూలైలో, మన ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు మంచినీళ్ళు పట్టుకునే చెరువులో పెత్తందార్ల గేదెల కుడితి బకెట్లు కడిగారు. ఇదేంది అని అడిగింది మున్నంగి సువార్త. మర్నాడు జూలై 17న పల్లె మీద పడి వెంటాడి నరికారు. ఆరుగురు చచ్చిపోయారు. అక్కడా చెరువే, ఇక్కడా చెరువే. ఆ ఆడబిడ్డ పేరు చూడండి: సువార్త. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో మళ్ళీ చెప్పుకుందాం.

ఇప్పుడు ఇదే డిసెంబరు 25, 1968. మద్రాసు రాష్ట్రం, తూర్పు తంజావూరు, కీళ్‌వెణ్మణి. కావేరి నీళ్ళు పారే నేల, కోనసీమ లాంటిది. పంట బాగా పండే చోటే కూలివాడి కడుపు ఎక్కువ కాలుతుంది, ఇది మనమూ చూస్తున్నదే. అక్కడి దళిత కూలీలు ఎర్రజెండా సంఘంలో చేరారు. కోత కూలి కింద కొలిచే వడ్లు ఇంకాస్త పెంచమన్నారు. భూస్వాములు వరి ఉత్పత్తిదారుల సంఘం అని పెట్టుకున్నారు. గోపాలకృష్ణ నాయుడు దానికి నాయకుడు. జెండా దించండి, మా సంఘం మాట వినండి అన్నారు. వీళ్ళు దించలేదు. ఆ రోజు గొడవలో భూస్వాముల మనిషి ఒకడు చనిపోయాడు. ఆ రాత్రి తుపాకులతో, కత్తులతో వచ్చి వాడను చుట్టేశారు. మగవాళ్ళు దొరికిన దారిన పరిగెత్తారు. పరిగెత్తలేనివాళ్ళు, అంటే ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, రామయ్య అనే కూలివాడి గుడిసెలో దూరారు. ఆ గుడిసె మన ఇళ్ళలో వంటిల్లంత కూడా ఉండదు. తలుపు బయటినుంచి బిగించి నిప్పు పెట్టారు. లోపలినుంచి బయటికి విసిరిన బిడ్డను తిరిగి మంటలోకే విసిరారని బతికినవాళ్ళు చెప్పారు. 44 మంది.

ఆ రాత్రి మన పల్లెల్లో ఏం జరుగుతూ ఉండి ఉంటుంది? వెదురుబద్దల నక్షత్రానికి రంగు కాగితం అంటించి వేలాడదీసి, డప్పు మీద భజనలు పాడుతూ ఉండి ఉంటారు. రెండు పల్లెలకూ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

కోర్టు సంగతి. 1970లో నాగపట్టణం సెషన్స్ కోర్టు గోపాలకృష్ణ నాయుడికీ మరికొందరికీ పదేళ్ళ శిక్ష వేసింది. మద్రాసు హైకోర్టు కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో వినండి. నిందితుల్లో చాలామంది భూములున్న గౌరవనీయులట, ఒకాయనకు కారు కూడా ఉందట. అట్లాంటివాళ్ళు పనివాళ్ళను పంపకుండా తామే నడిచొచ్చి నిప్పు పెడతారంటే నమ్మడం కష్టమట! కారు సాక్ష్యం చెప్పింది, 44 శవాలు చెప్పలేకపోయాయి. భూస్వాముల మనిషి చావు కేసులో మాత్రం కూలీలకు శిక్షలు పడ్డాయి. 1980లో గోపాలకృష్ణ నాయుడిని ఎవరో నరికి చంపారు. దాన్ని న్యాయం అని మేము అనం. కోర్టు తలుపు మూసిన చోట ఇంకే తలుపులు తెరుచుకుంటాయో అది చూపించింది, అంతవరకే అంటాం.

మన చుండూరులో ఇంకోలా అవుతుందనుకున్నాం. 1989 చట్టం కింద ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. 16 ఏళ్ళు పోరాడి తెచ్చుకున్న తీర్పు ఏడేళ్ళు నిలవలేదు. కీళ్‌వెణ్మణి తీర్పు చదివినవాళ్ళకు అది కొత్తగా అనిపించలేదు.

అయితే కీళ్‌వెణ్మణి బూడిదతోనే ఆగిపోలేదు. 1969లో తంజావూరు కూలీలకు న్యాయమైన కూలి చట్టం వచ్చింది. దళిత ఇంట్లో పుట్టిన కృష్ణమ్మాళ్, భర్త జగన్నాథన్‌తో కలిసి ఆ ఊరి వైపు వెళ్ళి, ఏళ్ళ తరబడి తిరిగి, 1981లో ల్యాఫ్టి అనే సంస్థ పెట్టి, వేల ఎకరాలు భూమిలేని దళిత ఆడవాళ్ళ పేర రాయించింది. పట్టా ఆడవాళ్ళ పేర, అది గమనించండి. కీళ్‌వెణ్మణిలో 44 మందికి స్మారకం ఉంది. ప్రతి డిసెంబరు 25న జనం వస్తారు.

ఇక సర్కారు కేలండరులో ఈ తేదీకి ఏముంది? 1861లో ఆ రోజు మదన్ మోహన్ మాలవ్యా పుట్టారు. 1924లో వాజపేయి పుట్టారు. 2014 నుంచి ఈ రోజును సుపరిపాలన దినం అంటున్నారు. పాకిస్తానువాళ్ళకు జిన్నా జయంతి, 1876. సినిమాల చాప్లిన్ చచ్చిపోయింది కూడా ఈ రోజే, 1977లో. పేదవాడి చిరిగిన బూటును లోకమంతటికీ చూపించిన మనిషి, ఆయన్ను మనం ఉంచుకుందాం.

మాలవ్యాగారు మనకు ఇంకోచోట తగులుతారు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చాడు. 71 సీట్లు, మన ప్రతినిధిని మనమే ఎన్నుకోవడం, దానితోపాటు జనరల్ సీట్లో ఇంకో ఓటు. గాంధీగారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. సెప్టెంబరు 24న పూనాలో ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. సవర్ణ హిందువుల తరఫున ముందు సంతకం మాలవ్యాగారిది. సీట్లు 148 అయ్యాయి, మన ప్రతినిధిని మనమే తేల్చుకునే ఓటు మాత్రం పోయింది. ఇవాళ రిజర్వుడు సీట్లో గెలిచినవాడు మన పల్లెకు ఎందుకు రాడు అని అడుగుతారు గదా, వేరు అక్కడ ఉంది. ఐదేళ్ళ ముందు మహద్ పందిట్లో పెట్టుకున్న ఫోటో గాంధీగారిదే, ఆ మాట కూడా గుర్తుంచుకోండి.

ఆ ఒప్పందం మీద సంతకం చేసిన ఇంకొకరు రాజగోపాలాచారి. ఆ సంబరంలో తన పెన్ను అంబేద్కర్‌కిచ్చి ఆయన పెన్ను తాను తీసుకున్నారని చెప్తారు. ఆయన చనిపోయింది 1972 డిసెంబరు 25న. ఆయన గురించి బడిపంతుళ్ళం మేము కాసేపు మాట్లాడక తప్పదు. 1953లో ఆయన మద్రాసు ముఖ్యమంత్రి. మన ఆంధ్ర జిల్లాలు ఆ అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. పల్లెటూరి బళ్ళలో పిల్లలకు పూటకు మూడు గంటలే చదువు, మిగతా పొద్దు తండ్రి దగ్గర కులవృత్తి నేర్చుకోవాలి అని పథకం పెట్టారు. అంటే మాదిగ పిల్లవాడు పొద్దున అక్షరం దిద్ది సాయంత్రం తోలు నానబెట్టాలి, చాకలి పిల్ల చాకిరేవుకు పోవాలి, పాలేరు కొడుకు పాలేరు దగ్గర పాలేరుతనం నేర్వాలి. మా నాయన పాలేరు. ఆ పథకం నిలిచి ఉంటే మేము ఇక్కడ మైకు ముందు ఉండం, ఏ దొడ్లోనో పేడ ఎత్తుతూ ఉంటాం. పెరియార్ ఊరూరా లేచారు. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి పథకం ఎత్తేశారు. పెరియార్ పోయింది 1973 డిసెంబరు 24న, ఒక్క రోజు తేడా. మనువు పుస్తకం 1927లో కాలింది గానీ 1953లో సర్కారు ఉత్తర్వుగా మళ్ళీ అచ్చయిందన్నమాట.

చివరికి క్రిస్మస్. తమ్ముళ్ళూ, ఇది కాస్త నిదానంగా వినండి.

యేసు పుట్టిన తేదీ బైబిల్లో లేదు. డిసెంబరు 25న జరిపినట్టు రోములో నాలుగో శతాబ్దంలో రాసుకున్నారు. అయ్యగార్లకు ఇది తెలుసు. ఆయన ఏ రోజున పుట్టాడు అన్నది కాదు మాకు ముఖ్యం, ఎక్కడ పుట్టాడు అన్నది. పశువుల పాకలో. చోటు లేదు పొమ్మన్న ఊళ్ళో. ఆ కథ విని మన ముత్తాతలు తెల్లదొర ముఖం చూసి పోలేదు, తమ ముఖం కనిపించి పోయారు. ఒంగోలు వైపు 1866లో ముందుగా నమ్మింది యెర్రగుంట్ల పేరయ్య, మాదిగ. ఆయనే ఊరూరా తిరిగి చెప్పాడు. పెద్ద కరువు తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. రొట్టె కోసం వెళ్ళారని ఊరివాళ్ళు ఎగతాళి చేస్తారు. బకింగ్‌హాం కాలవ తవ్వి కూలి చేసి తిన్నారు వాళ్ళు. ఊరి చెరువులోకి అడుగు పెట్టనివ్వని మనుషులు ఏట్లోకి దిగి పేరు మార్చుకుని బయటికొచ్చారు. ఓబిగాడు, పోలిగాడు పోయి యేసుదాసు, సువార్త వచ్చింది. పేరు చివర 'గాడు' పోవడం ఎంత పెద్ద సంగతో మన ముసలివాళ్ళను అడగండి. ఆ సువార్తే కారంచేడు చెరువు దగ్గర నోరు తెరిచింది.

ఇంకో పక్కన, 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును ఇదే కారణం మీద కొట్టేసింది. కొట్టేటప్పుడు కులం చూస్తారు, కేసు పెట్టేటప్పుడు మతం చూస్తారు. సర్టిఫికెట్టు భయంతో క్రిస్మస్ నాడు ఫోటో తీయించుకోవడానికి కూడా జంకే పిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. అట్లాంటి పిల్లల దగ్గరికెళ్ళి 'నీ పండగ మనది కాదు' అంటే వాడు ఎటు పోవాలి? చర్చిలో కూర్చున్నవాడూ మనవాడే, బుద్ధవందనం చేసేవాడూ మనవాడే, ఏ గుడీ లేనివాడూ మనవాడే. అయ్యగార్లకు కూడా ఒక మాట. చర్చిలో మాలలొక పక్క, మాదిగలొక పక్క కూర్చుంటే అక్కడ కూడా మనువే కూర్చున్నట్టు. దాన్ని తగలబెట్టడానికి మీరు అడ్డు రాకూడదు, ముందుండాలి.

కాబట్టి కార్యక్రమం ఇట్లా అనుకున్నాం. పొద్దున ఆరాధన. ఎవరి చర్చిలో వాళ్ళు, రావాలనుకున్న బయటివాళ్ళు వెళ్ళి కూర్చోవచ్చు. మధ్యాహ్నం భోజనాలు రెండు పల్లెలకూ కలిపి ఒకేచోట, వంట ఇద్దరూ చేయాలి. చీకటి పడ్డాక అంబేద్కర్ బొమ్మ దగ్గర 44 కొవ్వొత్తులు. వెలిగించేది పిల్లలు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. ఆ తర్వాత మహద్ కథ ఒక అక్క చెప్తుంది, పుస్తకం కాగితాలు మంటలో వేసేదీ ఆడవాళ్ళే. పోలీసులకు ముందుగా కాగితం ఇచ్చి రశీదు తీసుకోవాలి. ఆ పని యువజన సంఘం వాళ్ళది, ఈ వారంలోనే కావాలి.

ఇంకొకటి. పల్లెకొక నోటుబుక్కు. నెలకు రెండు పేజీలు. మన పల్లెలో ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరు ఎట్లా చచ్చిపోయారు, వెట్టి ఎప్పుడు మానేశాం, మొదట బళ్ళోకి పోయింది ఎవరు, బావి ఎప్పుడు తవ్వించుకున్నాం, దెబ్బలు ఎప్పుడు తిన్నాం, ఎప్పుడు తిరిగి కొట్టాం, అన్నీ తేదీతో. తేదీ తెలియకపోతే తుఫానుకు ముందో వెనకో అనైనా రాయండి, సర్దుబాటు మేము చేస్తాం. ముసలివాళ్ళు ఉండగానే కూర్చుని అడగండి. పుస్తకాలు సంఘం ఆఫీసులో బల్ల మీద కట్టగట్టి ఉన్నాయి, పోయేటప్పుడు సంతకం పెట్టి పల్లెకొకటి తీసుకుపొండి.

జై భీమ్.